ఐదు మిల్లీవోల్ట్‌ల తేడా: అనంతపురం బోరు నీళ్ళపై మేం పెట్టిన ఒక ప్రీప్రింట్ (కేస్ స్టడీ)

మా ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే బల్ల మీద రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒకటి ఉంది. అందులో ఉన్నవి బోరు నీళ్ళు. మూత మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాసి ఉంటుంది. మూడేళ్ళు కావస్తున్నా దాన్ని పారబోయడానికి నాకు మనసు రాలేదు. ఆ సీసా అక్కడికి ఎట్లా వచ్చిందో, దాని వెనక మేం తోటి శాస్త్రవేత్తల సమీక్షకు ముందే లోకం ముందు పెట్టిన ఒక పత్రం (దీన్నే ప్రీప్రింట్ అంటారు) ఏమేం చేసిందో వివరంగా రాస్తున్నాను. మన జిల్లాల్లో ప్రీప్రింట్ పెట్టాలా వద్దా అని ఊగిసలాడే అధ్యాపకులు, పీహెచ్‌డీ పిల్లలు చాలామంది నన్ను అడుగుతుంటారు. పెట్టండి అనే చెప్తాను. కానీ మేం మొదటిసారి పెట్టినట్టు పెట్టకండి.

నేను అనంతపురంలో పర్యావరణ రసాయనశాస్త్రం బోధిస్తాను. ఈ పనిలో నాతో ఒక పరిశోధక విద్యార్థి ఉన్నాడు, ఇక్కడి రైతు బిడ్డే. మేం తిరిగింది కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. పత్రంలో రాయడానికి ఊరివాళ్ళు ఒప్పుకున్నారు, ఈ వ్యాసం కోసం నేను అడగలేదు.

నీళ్ళు, గీత

మన నేలలో ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ రాళ్ళు. ఆ రాళ్ళలోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ దాగి ఉంటుంది. నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలబడి, బైకార్బనేటు, సోడియం పెరిగి, కాల్షియం తగ్గేకొద్దీ ఆ ఫ్లోరైడ్ కరిగి నీళ్ళలోకి దిగుతుంది. వాన చూస్తే ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి మన బోర్లలో ఫ్లోరైడ్ ఉండటం వింతేమీ కాదు. ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును దక్షిణాదిలో శాస్త్రీయంగా మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఎద్దులు కుంటడం, మనుషుల నడుములు వంగిపోవడం ఊళ్ళవాళ్ళకు అంతకు ముందు నుంచే తెలుసు.

భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. ఈ 1.5 గీతను బాగా గుర్తుపెట్టుకోండి. మొత్తం కథ దాని మీదే నడిచింది.

ఇప్పుడు చాలా ఊళ్ళకు పైపు నీళ్ళు వస్తున్నాయి. 'సత్యసాయి నీళ్ళు', 'శ్రీరామరెడ్డి నీళ్ళు' అని ఆ పథకాల పేర్లతోనే జనం పిలుచుకుంటారు. కానీ పైపు పగిలినా, మోటరు కాలినా, కార్మికులు సమ్మె చేసినా ఊరు మళ్ళీ బోరు దగ్గరికే వస్తుంది. అందుకే పైపు నీళ్ళున్న ఊళ్ళను కూడా మేం వదల్లేదు.

ఏప్రిల్, మే నెలల్లో అరవై పైచిలుకు బోర్ల నుంచి నీళ్ళు తెచ్చాం. గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. ప్లాస్టిక్ సీసాలే వాడాం. మోటరు పది నిమిషాలు ఆడనిచ్చి, పైపులో నిలిచిన నీళ్ళు పోయాక పట్టాం. ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్ పద్ధతి. నీళ్ళకు సమానంగా టిస్యాబ్ అనే బఫర్ కలుపుతాం. అల్యూమినియం, ఇనుముతో జతకట్టిన ఫ్లోరైడ్‌ను అది విడదీస్తుంది, పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలబెడుతుంది. ఆ తర్వాత ఎలక్ట్రోడ్ ముంచితే మీటరు మిల్లీవోల్ట్‌లలో ఒక అంకె చూపిస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే మిల్లీవోల్ట్‌లు తగ్గుతాయి. ముందే తెలిసిన గాఢత ఉన్న స్టాండర్డ్ ద్రావణాలతో గీసుకున్న గ్రాఫు మీద ఆ అంకెను పెట్టి మిల్లీగ్రాములు చదువుతాం. పద్ధతి పాతదే, నమ్మదగిందే. పద్ధతిని ఏమీ అనను.

ఎందుకు ఆగలేకపోయాం

నాకు ప్రీప్రింట్ మీద మక్కువ కలగడానికి కారణం నీళ్ళు కాదు, చెనక్కాయ. 2000లో అనంతపురం చేలలో వేరుశనగ మొవ్వులు ఎండిపోయి, కాండం నల్లబడి చెట్టుకు చెట్టే చచ్చిపోయింది. దాదాపు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. చూడటానికి పాత మొవ్వు కుళ్ళు తెగులులాగే ఉండేది. పరీక్షల్లో టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పూల పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకొచ్చి చెనక్కాయ ఆకు మీద వదులుతాయి. అంటే రైతు చేతిలో ఉన్న మందు గట్టు మీది పిచ్చిమొక్కను పూత రాకముందే పీకేయడం. ఇంత సులువైన మాట శాస్త్రవేత్తలు ఇక్కడే ఉండి, చేలో దిగి పనిచేసి తేల్చారు. పూర్తి పత్రం జర్నల్‌లో అచ్చయ్యేసరికి 2002 వచ్చింది. వాళ్ళు ఆ మాటను అచ్చయ్యేదాకా దాచిపెట్టలేదు, అది వాళ్ళ గొప్పతనం. కానీ అచ్చు కాలెండరు వేరు, సాగు కాలెండరు వేరు అని నాకు మనసులో నాటుకుపోయింది అప్పుడే.

తర్వాత 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమకు బ్లాస్ట్ తెగులు వచ్చినప్పుడు పరిశోధకులు ఇంకో దారి తొక్కారు. జబ్బుపడిన ఆకుల జన్యు సమాచారాన్ని పత్రం రాయక ముందే అందరికీ తెరిచి పెట్టారు. ఇతర దేశాల వాళ్ళు దాన్ని తీసుకుని పోల్చి, ఆ శిలీంద్రం దక్షిణ అమెరికా గోధుమ తెగులుకు దగ్గరి చుట్టమని వారాల్లో తేల్చారు. ఆ వార్త చదివిన రోజు మా క్లాసులో అదే పాఠం చెప్పాను.

భౌతికశాస్త్రంలో ఇది కొత్త సంగతి కాదు. 1991 ఆగస్టులో పాల్ గిన్‌స్పార్గ్ లాస్ అలమోస్‌లో ఆర్కైవ్ (arXiv) అనే ప్రీప్రింట్ సర్వర్ మొదలుపెట్టాడు. అంతకు ముందు నుంచే వాళ్ళు రాతప్రతులను పోస్టులో ఒకరికొకరు పంపుకునేవాళ్ళు. జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ 2013లో, వైద్యానికి మెడ్‌ఆర్కైవ్ 2019లో వచ్చాయి. భూశాస్త్రాలకూ, వ్యవసాయానికీ వేరేవి ఉన్నాయి. పెట్టడానికి పైసా ఖర్చు లేదు. సర్వర్ నడిపేవాళ్ళు పైపైన చూస్తారు. ఇది శాస్త్రమేనా, కాపీ కొట్టిందా, జనానికి హాని చేసేదా అని. లోపల లెక్క సరిగ్గా ఉందా అని చూడరు. పెట్టిన తేదీ, పత్రాన్ని గుర్తుపట్టే డీఓఐ నంబరు పడతాయి. తప్పుంటే రెండో వెర్షన్ పెట్టొచ్చు, కానీ మొదటిది కూడా అక్కడే నిలిచి ఉంటుంది. ఈ చివరి సంగతి బరువు నాకు అప్పుడు తెలియలేదు.

మా విభాగంలో పెద్దలకు ఒకటే భయం. 'ఎవడన్నా ఎత్తుకుపోతే?' అన్నారు. తేదీ మన పేరు మీద పడ్డాక ఎత్తుకుపోవడం కష్టం, పెట్టకుండా దాచుకున్నదాన్నే సులువుగా ఎత్తుకుపోవచ్చు అని నేను చెప్పాను. ఇంకొకరు 'ప్రీప్రింట్‌కు ప్రమోషన్‌లో పాయింట్లు రావు కదమ్మా' అన్నారు. ఆ మాట నిజమే. పీహెచ్‌డీకి ముందు జర్నల్ పత్రం తప్పనిసరి అనే నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది గానీ, ఆ అలవాటు మన గోడల్లోంచి ఇంకా పోలేదు. మా విద్యార్థికి ఉద్యోగం కావాలి, దానికి జర్నల్ పేరు కావాలి. అందుకని ఒకే వారంలో జర్నల్‌కూ పంపాం, ప్రీప్రింట్ సర్వర్‌లోనూ పెట్టాం. ఆ జర్నల్ ప్రీప్రింట్లకు అడ్డు చెప్పదని ముందే చూసుకున్నాం. ఈ రోజుల్లో చాలా జర్నళ్ళు అడ్డు చెప్పవు, అయినా ఒకసారి నిబంధనలు చదవాలి.

పెట్టింది జనవరిలో. ఎండాకాలం రాకముందే పంచాయతీలకు అంకెలు చేరాలని మా తాపత్రయం. జర్నల్ సమాధానం జులైలో వచ్చింది. మేం ఆగి ఉంటే ఒక వేసవి మొత్తం పోయేది.

పత్రంతో పాటు మీటరు చూపించిన మిల్లీవోల్ట్‌ల పట్టీ మొత్తం, ల్యాబ్ నోటు పుస్తకం పేజీల ఫొటోలతో సహా అందరికీ తెరిచాం. అది మా విద్యార్థి పట్టుబట్టి చేయించింది. 'ముడి అంకెలు లేకుండా పెడితే ఏం లాభం మేడం' అన్నాడు. నాకు కొంచెం బెరుకుగానే ఉండింది, ఆ నోటు పుస్తకంలో కొట్టివేతలు, టీ మరకలు కూడా ఉన్నాయి. ఈ కేసులో మేం చేసిన మంచి పని ఏదన్నా ఉంటే అదే.

చెడ్డ పని మూడో పట్టికలో ఉంది. ఊరి పేరు, బోరు ఉన్న చోటు, దాని పక్కన ఫ్లోరైడ్ అంకె. 1.5 దాటినవాటికి ముదురు అక్షరాలు.

ఊళ్ళోకి పోయిన అంకె

పెట్టిన నాలుగో రోజో ఐదో రోజో ఎవరో ఆ పట్టికను ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. ఒక స్థానిక వార్త కూడా వచ్చింది. శీర్షికలో 'విషం' అనే మాట ఉంది. పత్రంలో ఆ మాట ఎక్కడా లేదు. ప్రీప్రింట్ అని, ఇంకా సమీక్ష కాలేదని మొదటి పేజీలో పైనే రాసి ఉంది. వార్తలో ఆ ముక్క లేదు. రాసినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. రెండు రోజులు పోయాక ఆ కోపం నా మీదికే మళ్ళింది. ఇంగ్లీషులో ఉన్న ఇరవై పేజీల పత్రంలో ఊరివాడు చదవగలిగేది తన ఊరి పేరు, పక్కనున్న అంకె, అంతే. ఆ రెండూ మేమే పక్కపక్కన ముదురు అక్షరాల్లో పెట్టి ఇచ్చాం.

పదకొండో రోజు రెండు సంగతులు జరిగాయి. పొద్దున ఒక ఈమెయిల్, సాయంత్రం ఒక మనిషి.

ఈమెయిల్ వేరే రాష్ట్రంలో నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఒకామె నుంచి. ఆమెను నేను అప్పటికీ చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. రాసింది నాలుగు వాక్యాలు. మీ నోటు పుస్తకంలో మే నెల ఫలానా తేదీన ఉదయం 1 మిల్లీగ్రామ్ స్టాండర్డ్‌కు 118 మిల్లీవోల్ట్‌లు వచ్చాయి, అదే స్టాండర్డ్‌ను సాయంత్రం పెడితే 113 వచ్చినట్టు పేజీ చివర రాసి ఉంది, మధ్యాహ్నం సీసాలకు ఏ గ్రాఫు వాడారు అని అడిగింది.

ఉదయం గ్రాఫే వాడాం.

ఐదు మిల్లీవోల్ట్‌లు అంటే బయటివాళ్ళకు ఏమీ కాదనిపిస్తుంది. ఈ ఎలక్ట్రోడ్‌లో గాఢత పది రెట్లు మారితే మీటరు మారేది 59 మిల్లీవోల్ట్‌ల దగ్గర. కాబట్టి ఒక్క మిల్లీవోల్ట్ జరిగితే ఫలితం సుమారు 4 శాతం తప్పుతుంది. ఐదు జరిగితే 20 శాతం పైమాటే, అదీ ఎక్కువ వైపు. ఆ రోజు ఏం జరిగిందో మా వాడికి వెంటనే గుర్తొచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. మీటరు బ్యాటరీ మీద నడిచింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, గది కాగిపోయింది. సీసాలు కొలవడం ఆపలేదు. సాయంత్రం నిజాయితీగా స్టాండర్డ్‌ను మళ్ళీ పెట్టి అంకె రాశాడు. రాసినదాన్ని మళ్ళీ మేమిద్దరం చూడలేదు. వాడి తప్పు కంటే నాదే పెద్దది, ఆ పేజీ కింద సంతకం నాది.

ఆ మధ్యాహ్నం కొలిచిన ఊరికి పట్టికలో వచ్చిన అంకె 1.7. సరిచేస్తే 1.4.

సాయంత్రం ల్యాబ్ మూసే వేళకు వచ్చిన మనిషి ఆ ఊరాయన. అరవై దాటి ఉంటాయి. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో రెండు లీటర్ల సీసా. బస్సు దిగి కలెక్టరాఫీసు దగ్గర నుంచి అడుగుతా అడుగుతా వచ్చినాడట. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

'ఏం మేడం, మా బోరు నీళ్ళు విషమని రాసినారంట గదా.'

'విషమని రాయలేదన్నా.'

'రాయకపోతే యాడినుంచి వచ్చింది ఆ మాట? మొన్న మా తమ్ముని కూతుర్ని చూసుకునేకి వచ్చినోళ్ళు పిల్లను నవ్వమన్నారు. పళ్ళు చూసేకి. మా ఊళ్ళో అట్లా ఎప్పుడూ జరగలే.'

నేనేం మాట్లాడలేకపోయాను. గారపళ్ళు ఉన్న ఊళ్ళ పిల్లలకు పెళ్ళిళ్ళు కుదరడం కష్టమని మా పత్రం ముందుమాటలో మేమే రాశాం. అది ఎవరి ఇంట్లోకో ఇట్లా నడిచి పోతుందని తట్టలేదు.

ఆయన సీసా బల్ల మీద పెట్టాడు. 'పొద్దున్నే పట్టుకొచ్చినా. మోటరు శానాసేపు ఆడిచ్చినా. మీ యంత్రంలో నా ఎదురుగా పెట్టి చూడుతల్లీ.'

పెట్టాం. గది చల్లగా ఉంది, జనవరి సాయంత్రం. మూడు స్టాండర్డ్‌లు కొత్తగా కలిపి గ్రాఫు గీశాం. ఆయన స్టూలు మీద కూర్చుని ప్రతి బీకరూ చూస్తా ఉన్నాడు. ఒక స్టాండర్డ్ పెట్టినప్పుడల్లా 'ఇది మా నీళ్ళేనా' అని అడిగాడు. కాదు, ఇది కొలబద్ద అని మావాడు చెప్పాడు. 'తూకం రాళ్ళు మాదిరా' అన్నాడాయన. సరిగ్గా అదే. నేను ఇన్నేళ్ళుగా చెప్పే పాఠంలో ఇంత సూటిగా ఒక్క మాట చెప్పలేకపోయాను. తూకం రాయి పొద్దున ఒక బరువు, సాయంత్రం ఒక బరువు తూగితే అంగడివాణ్ణి ఊరుకుంటామా?

ఆయన నీళ్ళకు 1.42 వచ్చింది. కడిగి మళ్ళీ పెట్టాం. 1.39. మూడోసారి 1.42.

'అంటే మంచివా, కావా?'

ఇక్కడ నేను అబద్ధం చెప్పి పంపించవచ్చు. 1.5 కంటే తక్కువ, మంచివే పోండి అనవచ్చు. ఆయన వచ్చింది ఆ మాట కోసమే. కానీ గీతకు ఈ పక్కన 1.4, ఆ పక్కన 1.6 ఉన్న నీళ్ళ మధ్య ఒంటికి పెద్ద తేడా ఉండదు. ప్రమాణం మొదట కోరేది 1 దాటకూడదనే. అదే చెప్పాను. పైపు నీళ్ళు వచ్చిన రోజు తాగేకి, వండేకి అవే వాడండి, ముఖ్యంగా చిన్నపిల్లలకు. రాని రోజు ఈ నీళ్ళు తాగితే భయపడాల్సింది లేదు. మేం రాసిన 1.7 తప్పు, ఆ తప్పు మాది. ఆయన చాలాసేపు మీటరు వంకే చూశాడు. తర్వాత 'ఇదే మాట మా ఊళ్ళోకి వచ్చి చెప్తావా' అన్నాడు.

రెండో వెర్షన్

ఆ వారంలోనే మిగతా రోజుల పేజీలన్నీ తీశాం. ఇంకో రెండు మధ్యాహ్నాల్లో చిన్న చిన్న జరుగుళ్ళు కనిపించాయి. సరిచేస్తే ఎనిమిది బోర్లు 1.5 గీత కిందికి దిగాయి. గట్టిగా ఎక్కువ ఉన్న ఊళ్ళు, 3 దాటినవి, అట్లాగే ఉన్నాయి. మా ప్రధాన నిర్ణయం మారలేదు. కానీ గీత అంచున నిలబడ్డ ఊళ్ళకు మేం అన్యాయం చేశాం.

కొందరు సహోద్యోగులు మొత్తం వెనక్కి తీసుకోమన్నారు. వెనక్కి తీసుకోవాల్సిన ప్రీప్రింట్లు ఉంటాయి. 2020 జనవరి 31న ఢిల్లీ ఐఐటీ వాళ్ళది ఒకటి బయోఆర్కైవ్‌లో వచ్చింది, కొత్త కరోనా వైరస్ ముల్లు ప్రొటీన్‌లోని కొన్ని ముక్కలు హెచ్‌ఐవీని పోలి ఉన్నాయని. ఆ ముక్కలు చాలా చిన్నవి, ఎన్నో జీవుల్లో దొరికేవే అని ప్రపంచమంతా శాస్త్రవేత్తలు గంటల్లో ఎత్తిచూపారు. ఫిబ్రవరి 2న రచయితలే ఉపసంహరించుకున్నారు. దాన్ని జనం ప్రీప్రింట్‌కు మచ్చగా చెప్తారు. నేను రెండు వైపులా చూస్తాను. రెండు రోజుల్లో సరిదిద్దబడటం పాత పద్ధతిలో సాధ్యమే కాదు. కానీ ఆ రెండు రోజుల్లో పుట్టిన పుకారు ఆ తర్వాత కూడా బతికింది. అదే 2020 జూన్‌లో, బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ వాళ్ళు డెక్సామెథసోన్ ఫలితాలను మెడ్‌ఆర్కైవ్‌లో పెట్టారు. చవకైన మందు, ఆక్సిజన్ మీద ఉన్న రోగుల ప్రాణాలు నిలబెట్టింది. ఆ సమయంలో జర్నల్ కోసం ఆగడం ఎవరు సమర్థిస్తారు? సమీక్ష దాటి అచ్చయినవి కూడా అదే నెలలో కూలిపోయాయి. కోవిడ్‌కు వాడి చూసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో వచ్చిన పత్రాన్ని జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. ముడి డేటా చూపించమంటే చూపించలేకపోయినందుకే.

నా ఆలోచనంతా ఈ ముడి డేటా మాట చుట్టూనే తిరుగుతోంది. మా పత్రాన్ని జర్నల్ సమీక్షకులు ఇద్దరు చదివారు. ఒకరు మ్యాపులు బాగుచేయమన్నారు, ఒకరు వానాకాలం తర్వాత కూడా నీళ్ళు పట్టాలన్నారు. రెండూ విలువైన సలహాలే. నోటు పుస్తకం పేజీలను వాళ్ళకు ఎవరూ పంపలేదు, పంపాలని ఆ జర్నల్ అడగనూ లేదు. చూడనిదానిలో తప్పు వాళ్ళెట్లా పట్టుకుంటారు? మా తప్పు పట్టుకున్నది పత్రాన్ని చదివిన కన్ను కాదు, పేజీ చివర పెన్సిల్‌తో రాసిన 113ను చూసిన కన్ను. పత్రం తెరిచి, పుస్తకం మూసి పెట్టి ఉంటే 1.7 అట్లాగే అచ్చయ్యేది, ఆ ఊరి పేరు పక్కన శాశ్వతంగా.

అందుకే ఉపసంహరించలేదు, రెండో వెర్షన్ పెట్టాం. మొదటి పేజీలోనే పెట్టెగట్టి ఏ రోజు ఏం తప్పు జరిగిందో, ఎవరు ఎత్తిచూపారో రాశాం. ఆమె తన పేరు వద్దంది, 'ఒక పాఠకురాలు' అని రాశాం. ఒక్క అంకెకు బదులు హద్దులు రాశాం, 1.3 నుంచి 1.5 అని. ముదురు అక్షరాలు తీసేశాం. ఊరి పేర్లు తీసి గుర్తు సంఖ్యలు పెట్టాం. బోర్ల చోట్లు మండలం వరకే చూపించి, పూర్తి వివరాలు పంచాయతీలకూ, గ్రామీణ నీటి సరఫరా కార్యాలయానికీ విడిగా ఇచ్చాం.

ల్యాబ్‌లో చేసిన మార్పులు చిన్నవి. ప్రతి పది సీసాలకు ఒకసారి స్టాండర్డ్ మళ్ళీ పెడతాం. 2 మిల్లీవోల్ట్‌లకు మించి జరిగితే అప్పటిదాకా కొలిచినవి కొట్టేసి మొదటి నుంచి చేస్తాం. సీసాలు, స్టాండర్డ్‌లు అన్నీ ఒకే నీళ్ళ తొట్టిలో నిలబెట్టి ఒకే వేడికి తెస్తాం. కరెంటు పోతే పని ఆపేస్తాం.

మొదటి వెర్షన్ ఇంకా అక్కడే ఉంది, ఊరి పేర్లతో సహా. దాని మీద 'కొత్త వెర్షన్ ఉంది' అని గుర్తు పడుతుంది, అంతే. తీసేయమని రాశాను. రికార్డు చెరపం అన్నారు. వాళ్ళ నియమం ఎందుకు అట్లా ఉందో నాకు తెలుసు. తప్పు చేసినవాడు జాడ లేకుండా తుడిచేసుకోకూడదని. ఆ నియమాన్ని నేనూ సమర్థిస్తాను. కానీ తప్పు నాదైతే నష్టం ఆ ఊరిదయింది, ఆ బాధ అట్లాగే ఉంది.

రచ్చకట్ట దగ్గర

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఊరికి పోయాం. వేపచెట్టు కింద ముప్పై నలభై మంది కూర్చున్నారు, ఆడవాళ్ళు కొంచెం ఎడంగా గుడి మెట్ల మీద. ఒక్క పేజీ తెలుగులో రాసుకుపోయాం. ఏం కొలిచాం, ఏం వచ్చింది, ఎక్కడ తప్పాం, ఇప్పుడు ఎంత అని. మావాడు చదివాడు. తూకం రాయి పోలిక ఆయనదే అని చెప్పి మరీ చెప్పాడు. నవ్వుకున్నారు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. క్యాను నీళ్ళు మంచివా, వాటిలో ఫ్లోరైడ్ ఉంటుందా అని ఒకామె. కాచి తాగితే పోతుందా అని ఇంకొకామె. పోదమ్మా, కాస్తే నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది అని చెప్పాను. ఇంత మామూలు ప్రశ్నకు సమాధానం మా ఇరవై పేజీల్లో ఎక్కడా లేదని అప్పుడే గమనించాను.

ఊరి పేరు తీసేశామని చెప్పినప్పుడు మెచ్చుకుంటారనుకున్నాను. సీసా తెచ్చినాయన లేచి నిలబడ్డాడు.

'తప్పు రాసినప్పుడు మా పేరు పెట్టినారు. సరిగ్గా రాసినప్పుడు తీసేస్తారా? ఇదేం న్యాయం మేడం?'

ఎవరూ మాట్లాడలేదు. సర్పంచి భర్త ఏదో సర్దబోయాడు. గుడి మెట్ల మీద నుంచి ఒక పెద్దామె 'పెట్టమనప్పా, పేరు పెట్టి 1.4 అని రాయమను' అంది. ఇంకొందరు అవునన్నారు. ఊరి పేరు దాచడం గౌరవమని పాఠాల్లో చెప్పుకుంటాం. పేరు చెడగొట్టిన తర్వాత దాచడం మరో అన్యాయమవుతుందని ఈ కేసు దాకా నాకు తెలియదు. అయినా అక్కడికక్కడ ఒప్పుకోలేదు. మిగతా ఊళ్ళ పేర్లు వాళ్ళు చెప్పలేరు, అందరి తరఫునా ఒక్కరు చెప్పలేరు. గ్రామసభలో తీర్మానం చేసి ఇవ్వండి, అప్పుడు మీ ఊరి పేరు ఒక్కటే పెడతామన్నాం. చేసి ఇచ్చారు, వేలిముద్రలతో సహా.

మిగతా ఊళ్ళకు కూడా అదే వరసలో తిరిగాం. 3 దాటిన ఊరొకటి పేరు వద్దంది. మరో ఊరు తెలుగు పేజీని పట్టుకుని నేరుగా నీటి సరఫరా కార్యాలయానికి పోయింది. వాళ్ళు తమ సొంత పరీక్ష చేయించుకున్నారు, వాళ్ళకూ ఎక్కువే వచ్చింది, ఏప్రిల్ చివరికి ట్యాంకరు వచ్చింది. జర్నల్ ఉత్తరం మాకు చేరడానికి అప్పటికి ఇంకా మూడు నెలలుంది.

ఇప్పుడు మా దగ్గర వరస మారింది. నీళ్ళు పట్టేటప్పుడే ఊరివాళ్ళతో మాట్లాడి, ఫలితం మొదట ఎవరికి చెప్పాలో అడుగుతాం. లెక్క తేలాక తెలుగు పేజీ ఊళ్ళో చదువుతాం. అభ్యంతరాలకు రెండు వారాలు ఆగుతాం. ఆ తర్వాత ప్రీప్రింట్, నోటు పుస్తకం పేజీలతో సహా. జర్నల్ దాని దారిన అది నడుస్తుంది. ఈ రెండు వారాల ఆలస్యానికి ఒక సహోద్యోగి నొచ్చుకుంటాడు, ప్రీప్రింట్ అంటేనే వేగం కదా అని. ఆరు నెలలు ఆగేవాళ్ళం రెండు వారాలు ఆగలేమా అని నేనంటాను. అంటువ్యాధి వచ్చినప్పుడు వేరు, అప్పుడు రెండు వారాలు కూడా ఎక్కువే. బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవి, పద్నాలుగు రోజులకు కొంప మునగదు.

మూడో వెర్షన్ మార్చిలో పెట్టాం. అందులో మూడో పట్టికలో ఒక్క ఊరికే పేరు ఉంది. పెట్టిన రోజు ఆయనకు ఫోన్ చేశాను. ఆ పేజీ కాయితం మీద కావాలన్నాడు. మావాడు ప్రింటు తీసి, తెలుగు పేజీతో కలిపి పోస్టులో పంపాడు. వేసవి తర్వాత మళ్ళీ నీళ్ళు పట్టడానికి పోయినప్పుడు చూశాం. గుడి పక్క గోడకు అద్దం పెట్టి బిగించి ఉంది, ఊరి పేరు కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీత గీసినారు. ఆయన మోటరు ఆన్ చేసి, పది నిమిషాలు తానే లెక్కపెట్టి, సీసా పట్టండి అన్నాడు.